నర్మెట్ట దారిలో ఒక పాత బాకీ

ఫోన్‌లో మ్యాప్ తెరిచి ‘నర్మెట్ట’ అని కొట్టి చూడండి. రెండొస్తాయి. ఒకటి సిద్దిపేట జిల్లా నంగునూరు మండలంలో ఉంది. బృహత్ శిలాయుగం నాటి సమాధుల తవ్వకాలతో పేపర్లకెక్కింది ఆ ఊరే. రెండోది జనగామ జిల్లాలో మండల కేంద్రం. నేను చెప్పబోయేది ఈ రెండో నర్మెట్ట వైపు సంగతి.

ఈ తేడా తెలియక మొదటిసారి బండేసుకుని బయల్దేరినప్పుడు సిద్దిపేట నర్మెట్ట పెట్టుకున్నా. గంటన్నర చుట్టు తిరిగి చేరేసరికి మా మేనమామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“మేనమామ ఊరికి తొవ్వ తెల్వనోడు, ఫోన్ వట్టుకుని దునియంత తిరుగుతడట!”

మామ ఊరు నర్మెట్ట మండలంలో ఒక చిన్న పల్లె. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయట్లేదు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే. ఈ ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాను. ఈసారి సెలవులకు కాదు, బాకీ తీర్చడానికి.

మూడు లక్షల వ్యూస్

నేను హైదరాబాద్‌లో వీడియో ఎడిటర్‌ని. ఆఫీసులో ఎడిట్ చేసేవన్నీ పక్కవాళ్ల వీడియోలు. అందుకే సొంతంగా ఒక పేజీ పెట్టుకున్నా. ఊళ్లు, జాతరలు, తిండి.. అదీ ఇదీ.

రెండేళ్ల కింద మామ వాళ్ల ఊళ్లో ఒగ్గు కథ చెప్పించారు. నేనూ ఉన్నా. కాళ్లకు గజ్జెలు, ముఖం నిండా పసుపు బండారు, చేతిలో ఒగ్గు. ఆ పెద్దాయన ఒక్కసారి గిర్రున తిరిగి గొంతెత్తితే ఒళ్లు జలదరించింది. ఫోన్ తీశా. 42 సెకన్ల రీల్ చేసి పెట్టా. మూడు లక్షల మంది చూశారు. ఫాలోవర్లు పెరిగారు. ఆ ఊపులో ఒక చిన్న కంపెనీ వాళ్లు వాళ్ల సరుకు గురించి రీల్ చేయమని ఏడు వేలిచ్చారు. ఆ డబ్బుతో మైక్ కొనుక్కున్నా.

దసరాకు ఊరెళ్లినప్పుడు గొప్పగా మామకు చూపించా. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాడు.

“మంచిగున్నది. పేరన్న రాసినవా?”

రాయలేదు. నిజానికి ఆయన పేరు నాకు తెలియదు కూడా.

“నీకు పైసలొచ్చినయంటివి. ఆయనకేమన్న ఇచ్చినవా?”

ఇవ్వలేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు. మామ ఇంకేమీ అనలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి బర్రెలకు గడ్డెయ్యడానికి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ని. తిట్టలేదు కాబట్టే ఇన్నాళ్లూ గుచ్చుకుంటూ ఉంది.

ఉప్పల్ నుంచి పెంబర్తి దాకా

ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కితే దారి పొడవునా కథలే. భువనగిరి గుట్ట దాటాక ఆలేరు. ఆ పక్కనే శారాజీపేట. తల్లి చేతుల నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం ఊరు. 2019లో వచ్చిన ‘మల్లేశం’ సినిమా ఆయన కథే. ఇంకాస్త ముందుకెళ్తే రోడ్డు పక్కన ఇత్తడి బొమ్మలు మెరుస్తాయి. అదే పెంబర్తి. ఇత్తడి రేకు మీద సుత్తితో దేవుళ్లను, ఏనుగులను లేపే పని కాకతీయుల కాలం నుంచి ఉందంటారు. దానికి జీఐ ట్యాగ్ కూడా ఉంది.

పెంబర్తి దాటగానే జనగామ. 2016 అక్టోబర్ దాకా ఇదంతా వరంగల్ జిల్లా. ఇప్పుడు జనగామే జిల్లా. ఈ చిన్న జిల్లాలో ఎవరెవరున్నారో చూడండి. పాలకుర్తి సోమన ఊరు. బమ్మెర పోతన ఊరు. లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం ఒగ్గు కథకు దేశమంతా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య ఊరు. ఆయన 2017లో కన్నుమూశారు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య ఊరు. 2024లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఐదు దశాబ్దాల్లో 19,000కు పైగా ప్రదర్శనలు ఇచ్చారని చెప్పారు. ఆ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. 19,000 సార్లు ఒక మనిషి వేషం కట్టాలంటే, 19,000 సార్లు ఎవరో ఒకరు పిలవాలి. అన్నం పెట్టాలి. వెలుగు పెట్టాలి. తెల్లారేదాకా కూర్చుని చూడాలి. పద్మశ్రీ ఒక్కరికే వస్తుంది. వెనుక అంతమంది పిలిచినవాళ్లుంటారు.

జనగామ బస్టాండ్‌లో నర్మెట్ట బస్సు ఎక్కా. ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. చిన్నప్పుడు ఈ దారంతా ఎర్రమట్టి, తుమ్మచెట్లు, ఎండిన చెరువులు. కరువు ప్రాంతం అంటే ఇదే అనేవాళ్లు. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల పుణ్యాన బొమ్మకూరు రిజర్వాయర్‌కు గోదారి నీళ్లొస్తున్నాయి. కిటికీలోంచి రెండు పక్కలా యాసంగి నాట్లు. పచ్చగా ఉంది. ఈ పచ్చదనం గురించి మామ చెప్పిన మాట ఒకటుంది. దానికి మళ్లీ వస్తా.

ఊరంతా ఏడ్చిన రాత్రి

మామ ఇంటి ఎదురుగా పంచాయతీ ఆఫీసు. దాని ముందున్న ఖాళీ జాగాను చూస్తే నాకు 2023 ఏప్రిల్ గుర్తొస్తుంది.

‘బలగం’ సినిమా ఆ ఏడాది మార్చి 3న విడుదలైంది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన వేణు యెల్దండి తీసిన మొదటి సినిమా. తాత చచ్చిపోతాడు, పిట్టకు పెడితే పిట్ట ముట్టదు.. అంతే కథ. మూడు వారాలకే ఓటీటీలోకి వచ్చింది. ఆ తర్వాత తెలంగాణ పల్లెల్లో ఒక వింత మొదలైంది. ఒక ఊరి తర్వాత ఒక ఊరు తెర కట్టి, రాత్రిపూట అందరూ కలిసి చూడటం. మా మామ ఊళ్లోనూ చూశారు. యువజన సంఘం పోరగాళ్లు జనగామ నుంచి ప్రొజెక్టర్ కిరాయికి తెచ్చారు. పెళ్లి టెంట్ తెల్లబట్టే తెర. బతుకమ్మకు పాటలు పెట్టే డీజే బాక్సులే సౌండు. ఇంటింటికీ కొంత వేసుకున్నారు.

నేనప్పుడు ఊళ్లోనే ఉన్నా. ముసలోళ్లు మంచాలు తెచ్చుకున్నారు, ఆడవాళ్లు చాపలు తెచ్చుకున్నారు. మొదటి గంటంతా నవ్వులే. చివర్లో బుర్ర కథ చెప్పే జంట వచ్చి చనిపోయిన పెద్దమనిషి గురించి పాడుతుంటే, నా వెనక ఎవరో ఎక్కిళ్లు పెట్టడం వినిపించింది. తిరిగి చూస్తే మా మామ. తమ్ముడితో పొలం గట్టు దగ్గర తగాదా పడి అప్పటికి నాలుగేళ్లు. ఇద్దరూ అదే రోజు కలిసిపోయారని రాస్తే బాగుంటుంది గానీ అలా జరగలేదు. వచ్చే దసరాకు మాత్రం చిన్నమామ ఇంటికి జమ్మి ఇవ్వడానికి వచ్చాడు. అంతవరకు నిజం.

ఆ పాట పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులది వరంగల్ జిల్లా దుగ్గొండి. ఊరూరా కథ చెప్పి బతికినవాళ్లు. ఒక్క పాటతో రాష్ట్రమంతా తెలిసిపోయారు. కిడ్నీ జబ్బుతో బాధపడి 2024 డిసెంబర్‌లో మొగిలయ్య చనిపోయారు. ఆ వార్త చూసిన రోజు నాకు మా ఊరి ఒగ్గు తాత గుర్తొచ్చాడు. ఆయన ఎలా ఉన్నాడో కనుక్కోవాలనిపించింది. కానీ నా దగ్గర నంబర్ లేదు. నా పేజీలో మాత్రం ఆయన 42 సెకన్లు తిరుగుతూనే ఉన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఓటీటీ ఖాతా ఇంట్లో చూసుకోవడానికే. దాన్ని ఊరంతటికీ చూపిస్తే సినిమా తీసినవాళ్ల సంగతేంటన్న ప్రశ్న అప్పుడే లేచింది. ప్రొజెక్టర్‌కు డబ్బులిచ్చాం, టెంట్‌కు ఇచ్చాం. కథ చెప్పినవాళ్లకు? ఆ రాత్రి ఆ ప్రశ్న మా ఎవరికీ తట్టలేదు. ఊరు చేసిందీ, నేను చేసిందీ పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా లేదేమో. అయితే ఊరికి ఇంకో పాత అలవాటుంది. అది నాకు తెలియదు.

కల్లం దగ్గర వాటా

ఆ అలవాటు గురించి చెప్పింది మామ అరుగు మీదికి సాయంత్రం పూట వచ్చే పెద్దమనుషులు.

“ఎన్కట కథ చెప్పెటోళ్లకు పైసలిచ్చుడు ఎక్కడిది బిడ్డా? కల్లం కాడ వాళ్ల వాటా వాళ్లకుండె” అన్నాడు ఒక తాత.

తెలంగాణలో ఒక్కో కులానికి తమ పురాణం చెప్పే కళాకారులు వేరేగా ఉన్నారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్లు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవాళ్లు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పేది మందెచ్చులవాళ్లు. మాదిగలకు జాంబపురాణం ఆడేది చిందువాళ్లు, చెప్పేది డక్కలివాళ్లు. ఏ బృందం ఏ ఊళ్లకు రావాలో కూడా పంచుకుని ఉంటుంది. దాన్ని మిరాశీ అంటారు. ఆ హక్కును రాగిరేకుల మీద రాసిపెట్టుకున్న కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లు వస్తే ఇవ్వాల్సిందే. బిచ్చం అనుకోరు. కుమ్మరి, కమ్మరి, చాకలికి ఎలా గింజలు కొలుస్తారో, కథ చెప్పేవాళ్లకూ అలాగే.

అలాగని ఆ కాలాన్ని మొత్తం మంచిదనలేం. వాటా హక్కే, కానీ ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి వాకిట్లోకి రావాలో, ఎవరు రావొద్దో కూడా ఆ కట్టుబాటే చెప్పేది. తెల్లారేదాకా రాజు వేషం కట్టినవాళ్లు పొద్దున గిన్నె పట్టుకుని వెలుపల నిలబడాల్సి వచ్చేది. ఆ తాత ఈ మాట అనలేదు. అరుగు చివర కూర్చున్న ఇంకొకాయన అన్నాడు. “వాటా ఇచ్చిండ్రు గని ఇంట్లకు రానియ్యలే” అని. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు.

మరి ఆ వాటా ఎందుకు పోయింది? సినిమా వచ్చి, టీవీ వచ్చి పోయిందని అనుకునేవాణ్ని. మామ వేరే కారణం చెప్పాడు. ఇందాక పచ్చదనం దగ్గర ఆపిన మాట ఇదే.

“నీళ్లొచ్చినయ్, పంట పెరిగింది. కోత మిషన్ వచ్చింది. వడ్లు మిషన్ల నుంచి ట్రాక్టర్లకు, ట్రాక్టర్ నుంచి ఐకేపీ సెంటర్‌కు. ఇంకెక్కడి కల్లం? రాశి వోస్తేనే గదా వాటా కొలిచేది. ఇప్పుడు పైసలు బ్యాంకుల వడ్తయ్. బ్యాంకు కాడికి ఒగ్గాయన వస్తడా?”

పంట పెరిగినా కళాకారుడి గంప ఖాళీ అయింది ఇందుకట. కరువులో పెట్టిన చెయ్యే కలిగిన రోజుల్లో పెట్టలేకపోయింది. మనసు లేక కాదు, ఇచ్చే చోటు లేక. ఇన్నేళ్లు ఊరికి వచ్చిపోతున్నా నాకు ఈ సంగతి తట్టలేదు.

అసలు ‘స్క్రోల్’ ఇది

మర్నాడు మామ బండి తీశాడు. “నీ సినిమాకు తాత ముత్తాత ఎవరో చూపిస్త, పా” అని చేర్యాల తీసుకెళ్లాడు. జనగామ నుంచి సిద్దిపేట రోడ్డు మీద ఉంటుంది. ఒకప్పుడు మాతో పాటు వరంగల్ జిల్లా. ఇప్పుడు సిద్దిపేట జిల్లా.

చేర్యాల నకాషీ బొమ్మల గురించి వినే ఉంటారు. ఎర్రటి నేపథ్యం, పెద్ద కళ్లు. ఇప్పుడు మనం గోడలకు తగిలించుకునే చిన్న బొమ్మలుగా దొరుకుతున్నాయి గానీ అసలు రూపం వేరు. అది చుట్ట. సుమారు 3 అడుగుల వెడల్పు, 40 అడుగులకు మించిన పొడవు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి ఆరబెడతారు. దాని మీద కథంతా వరుసలు వరుసలుగా గీస్తారు. కథ చెప్పే బృందం వచ్చి రెండు గుంజలకు దాన్ని వేలాడదీస్తుంది. పాడుతూ, ఒక్కో బొమ్మనూ కర్రతో చూపిస్తూ, పటాన్ని కిందికి జరుపుకుంటూ పోతుంది. పక్కన వాద్యాలు. రాత్రిళ్లకు రాత్రిళ్లు సాగేది.

ఫ్రేములున్నాయి, రీలు తిరుగుతోంది, సంగీతం ఉంది, చీకట్లో జనం ఉన్నారు. సినిమా కాక ఇంకేంటి? మనం బొటనవేలితో రోజూ స్క్రోల్ చేస్తున్నాం కదా. ఆ పని ఇక్కడ నలుగురు మనుషులు కలిసి ఊరి కోసం చేసేవారు.

ఇంకో సంగతి. ఈ పటాన్ని కథకులు తమ సొంతానికి వేయించుకునేవారు కాదు. నకాషీ ఇంటికి వెళ్లి కథ చెప్పి, కొలతలు చెప్పి గీయించుకునేవారు. దాని ఖర్చు కథ వినే కులం మీద పడేది. అంటే గీసేవాళ్లు, పాడేవాళ్లు, ఇచ్చేవాళ్లు ముగ్గురూ కలిస్తేనే ఒక కథ.

ఇలాంటివి బయటా ఉన్నాయి. రాజస్థాన్‌లో భోపాలు ‘ఫడ్’ పటం ముందు పాబూజీ కథ పాడతారు. బెంగాల్‌లో పటువాలు పటం విప్పుతూ పాడతారు. నాకు బాగా నచ్చింది జపాన్ సంగతి. 1930ల్లో అక్కడ ‘కమిషిబాయి’ అని ఉండేది. ఒకాయన సైకిల్ మీద చిన్న చెక్క పెట్టె కట్టుకుని వీధిలోకొస్తాడు. అట్టల మీద బొమ్మలు ఒక్కొక్కటే మారుస్తూ పిల్లలకు కథ చెప్తాడు. టికెట్ లేదు. తను తెచ్చిన మిఠాయిలు అమ్ముకుంటాడు. కొన్న పిల్లలు ముందు వరుస, కొననివాళ్లు వెనక. 1950ల్లో టీవీ వచ్చాక ఆ సైకిళ్లు ఆగిపోయాయి. అక్కడివాళ్లు మొదట్లో టీవీని ‘కరెంటు కమిషిబాయి’ అని పిలిచేవారట.

కల్లం దగ్గర గింజలైనా, సైకిల్ మీద మిఠాయైనా.. కథకు, కడుపుకు మధ్య ఒక దారి ఉండాలి. ఆ దారి మూసుకుపోతే కథ ఎంత బాగున్నా ఆగిపోతుంది.

కొత్త దారులు దొరకవని కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి చూడండి. 2012లో శ్రీరాం శ్రీకాంత్ ‘మై విలేజ్ షో’ మొదలుపెట్టాడు. ఊరే స్టూడియో, ఊరివాళ్లే నటులు. కూలి పనులకు పోయే గంగవ్వ ఇంటింటికీ తెలిసిపోయింది. యూట్యూబ్ అనే కల్లంలో తమ వాటా తామే కొలుచుకున్నారు వాళ్లు. కెమెరా వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి అది సాధ్యమైంది. మా ఒగ్గు తాత విషయంలో కెమెరా నా చేతిలో ఉంది.

ఏడు వాటాలు

మూడో రోజు ఉదయం ఆయన ఇంటికి వెళ్లాం. పక్క ఊరే. వాకిట్లో డోలు ఎండకు పెట్టి ఉంది. చర్మం బిగుసుకోవాలంటే ఎండ తగలాలట.

“ఎవరు? ఓ.. వీడియో పిలగాడా!” అన్నాడు మామ చెప్పేలోపే. గుర్తుపట్టాడు! నాకు చెమటలు పట్టాయి.

“తాతా, ఆ వీడియో..”

“మా మనుమరాలు సూపెట్టింది బిడ్డా. మంచిగ దీసినవ్. గని రెండు తప్పులు జేసినవ్.”

పేరు రాయకపోవడం, డబ్బులివ్వకపోవడం అంటాడనుకున్నా. ఆయన ఆ రెండూ అనలేదు.

“నన్నొక్కన్నే సూపెట్టినవ్. డోలు కొట్టెటోడేడి? తాళాలేసెటోడేడి? నేను తిరుగుడు వాని దెబ్బ మీద తిరుగుతున్న. వాడు లేకుంటే నేను ఉత్తగ గింగిరాలు కొట్టే పిచ్చోని లెక్క గొడ్తలేనా?”

నిజమే. నిలువు ఫ్రేమ్‌లో ఆయన ఒక్కడే పడతాడని రెండు పక్కలా కోసేశా. పైగా కింద సినిమా మ్యూజిక్ వేశా.

“రెండోది, కథ నడిమిట్ల కోసినవ్. మల్లన్న కథ మొదలువెడితే హారతి ఇచ్చేదాక ఆపద్దు. హారతి కాకుంటనే మూడు లచ్చల మంది లేసిపోయిండ్రు గదా!”

ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. హారతి అంటే దండం పెట్టి పోవడం ఒక్కటే కాదు. ఆ పళ్లెం జనంలో తిరుగుతుంది. ఎవరికి తోచింది వాళ్లు అందులో వేస్తారు. కథకు, కడుపుకు మధ్య ఉన్న దారి ఆ పళ్లెమే. సరిగ్గా దాన్నే నేను ఎడిటింగ్‌లో తీసేశా.

జేబులోంచి కవర్ తీసి ఇచ్చా. ఏడు వేలు. ఎందుకు, ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పా. ‘వద్దు బిడ్డా’ అంటాడేమో, బలవంతపెట్టాలేమో అని దారంతా మాటలు కూడగట్టుకుని వచ్చా. ఆయన అలాంటిదేమీ అనలేదు. కవర్ తీసుకుని, అక్కడే మంచం మీద నోట్లు పరిచాడు. మనుమరాలిని పిలిచి లెక్కపెట్టించాడు.

“మేం ఆరుగురం. ఏడు వాటాలు.”

“ఏడోది ఎవరిది తాతా?”

“సామాన్లది. డోలు పలిగితే తోలు ఎక్కడికెల్లి వస్తది?”

తాళాలు వేసే ఆయన కాలు విరిగి మూడు నెలలుగా మంచంలో ఉన్నాడు. ఈ మూడు నెలలు కథకు రాలేదు. అయినా ఆయన వాటా పక్కకు తీసి పెట్టాడు. “వీడియోల ఉన్నడు గదా” అన్నాడు. వీడియోలో నేను ఆయన్ని కోసేశానని చెప్పడానికి నోరు రాలేదు.

చందా పుస్తకం

ఆ వారమే మామ ఊళ్లో మల్లన్న కథ పెట్టుకున్నారు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర కదా, ఈ చుట్టుపక్కల పట్నాలు వేయించుకునేది, కథ చెప్పించుకునేది ఎక్కువగా ఈ రోజుల్లోనే.

కల్లం పోయిన చోట ఊరు కొత్తగా ఏం చేసుకుందో ఆ రెండు రోజుల్లో చూశా. యువజన సంఘం పిల్లలు ఒక నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. డబ్బులు లేవన్నవాళ్ల పేరూ రాసుకున్నారు. పేరు పక్కన ‘అన్నం’ అనో, ‘పాలు’ అనో, ‘టెంట్ కట్టుడు’ అనో రాశారు. పుణె, ముంబై, దుబాయ్ పోయినవాళ్లకు వాట్సాప్ గ్రూప్‌లో క్యూఆర్ కోడ్ పంపారు. ఒకాయన దుబాయ్ నుంచి వీడియో కాల్ చేసి “నా పేరు మైక్‌ల చదవాలె” అని షరతు పెట్టాడు. ముందే ఒప్పుకున్న మొత్తం కథ మొదలుకాకముందే బృందానికి ఇచ్చేశారు. హారతి పళ్లెంలో పడేది దాని మీద అదనం.

పుస్తకంలో ఒక పేజీ దగ్గర ఆగా. రెండేళ్ల కిందటి కథ లెక్క. అందులో మా మామ చేతిరాత. నా పేరు. ‘హైదరాబాద్ అల్లుడు – 500’. నేను ఇవ్వలేదు. నేను వీడియో తీస్తున్న రాత్రి మామ నా పేరు మీద తనే కట్టాడు. ఇన్నాళ్లూ చెప్పలేదు.

“ఊరి కథ ఉత్తగ సూసినోడనే పేరు నీకెందుకని” అన్నాడు అడిగితే. అంతకుమించి ఆ మాట పెంచనివ్వలేదు.

ఆ రాత్రి కథ తొమ్మిదిన్నరకు మొదలైంది. ఫోన్‌ను స్టాండ్‌కు పెట్టా. ఈసారి అడ్డంగా. ఆరుగురూ పట్టేలా. కాలు విరిగిన ఆయన్ని ఆటోలో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చునే తాళాలు వేశాడు. ముందు వరుసలో పిల్లలు, ఫోన్లు చూస్తూనే మధ్యమధ్యలో తలెత్తి కథ చూశారు. డోలు గట్టిగా మోగినప్పుడల్లా తలలు ఎక్కువసేపు పైకే ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక ఫోన్ స్టోరేజ్ నిండింది. పాత రీల్స్ ఫైళ్లు ఒక్కొక్కటే డిలీట్ చేసుకుంటూ హారతి దాకా లాక్కొచ్చా.

పళ్లెం నా దగ్గరికి వచ్చింది. వేశా. ఎంతో చెప్పను.

తర్వాత వారం ఆ వీడియో మొత్తం పెట్టా. ఆరుగురి పేర్లు, బృందం ఫోన్ నంబర్, వాళ్లను అడిగి పెట్టిన క్యూఆర్ కోడ్‌తో సహా. ఇప్పటిదాకా నాలుగు వేల వ్యూస్ కూడా దాటలేదు. పాత రీల్‌తో పోలిస్తే ఏమీ కాదు. కానీ రెండు ఊళ్ల నుంచి కథ చెప్పమని ఫోన్లు వచ్చాయట. మామ చెప్పాడు. అందులో ఒకటి సిద్దిపేట జిల్లా నర్మెట్ట నుంచి.

“ఈసారి ఆ నర్మెట్టకే పోవాలె. తొవ్వ నీకు ఎరుకే గదా!” అన్నాడు.

వెళ్లాలనుకుంటే..

హైదరాబాద్ ఉప్పల్ నుంచి జనగామకు బస్సులు తరచూ ఉంటాయి. సికింద్రాబాద్–కాజీపేట మార్గంలో రైలులో వచ్చినా జనగామలో దిగొచ్చు. అక్కడి నుంచి నర్మెట్టకు బస్సులు, ఆటోలు దొరుకుతాయి. పెంబర్తి ఇత్తడి పని, చేర్యాల నకాషీ ఇళ్లు, పాలకుర్తి, బమ్మెర, కొమురవెల్లి.. రెండు రోజులుంటే అన్నీ చూడొచ్చు. ఒగ్గు కథలు, పట్నాలు చూడాలంటే సంక్రాంతి నుంచి ఉగాది మధ్య వెళ్లండి.

వీడియో తీసేముందు అడగండి. కుదరదంటే ఫోన్ జేబులో పెట్టుకోండి. పేర్లు రాయండి, డోలు కొట్టే ఆయన పేరుతో సహా. హారతి పళ్లెం వచ్చేదాకా లేవకండి.